పీరమ్మ వైపు

కరోనా భయం తగ్గి, జనం మళ్లీ మాస్కుల్లేకుండా ఆటోలు ఎక్కడం మొదలుపెట్టిన ఏడాది అది. ఎండలు ముదురుతున్నాయి. గుంటూరు యార్డులో మిర్చి బస్తాలు దిగే కాలం కాబట్టి గాలి తిరిగినప్పుడల్లా ఆ ఘాటు మా బ్రాడీపేట దాకా వచ్చేది. ఊరంతా తుమ్ముతుంది. తుమ్మితే కొందరికి నడుం పట్టేస్తుంది. పట్టేసినవాళ్లు నా దగ్గరికి వస్తారు. అందుకని ఆ రోజుల్లో నాకు ఊపిరాడని పని.

నేను ఫిజియోథెరపిస్టుని. మందుల షాపు పైన మేడమీద నా క్లినిక్. మెట్లు మహా నిటారు. "నడుం నొప్పులు చూసే మనిషికి కింద గది దొరకలేదా" అని తిట్టుకుంటూ ఎక్కేవాళ్ల మాటలు లోపలికి వినిపిస్తూనే ఉంటాయి. వినీ విననట్టు ఊరుకుంటాను. ఎందుకంటే ఆ మెట్లెక్కే చప్పుడు వింటే నాకు సగం కేసు అర్థమవుతుంది. ఆగి ఆగి ఎక్కేవాళ్లు, గోడ పట్టుకుని కాలీడ్చేవాళ్లు, మెట్టుమెట్టుకీ దేవుణ్ని పిలిచేవాళ్లు, అందరూ గుమ్మంలోకి రాకముందే తెలిసిపోతారు.

దస్తగిరి గారి విషయంలో మాత్రం పప్పులో కాలేశాను. ఒక మనిషి చకచకా ఎక్కి వస్తున్నాడు, వెనక ఇంకెవరో ఆయాసపడుతున్నారు. పేషెంటు ఆ వెనక మనిషే అనుకున్నాను. తీరా చూస్తే ముందు వచ్చింది డెబ్బైకి దగ్గరపడ్డ పెద్దాయన. తెల్ల లుంగీ, భుజం మీద తువ్వాలు, నెరిసిన గడ్డం. వెనక రొప్పుతూ వచ్చింది ఆయన కూతురు జాన్‌బీ.

"నొప్పి మా నాన్నకే మేడమ్," అంది ఆమె, నా మొహం చూసి. "ఇప్పుడిట్టా ఉన్నాడు గానీ తెల్లారుజామున చూడాలి. చెక్కలాగా బిగుసుకుపోతాడు. మంచం దించేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది."

"కాసేపటికి సర్దుకుంటుందిలేమ్మా," అన్నారాయన, ఆ నొప్పి తనది కాదన్నట్టు.

మార్నింగ్ స్టిఫ్‌నెస్ అంటాం దీన్ని. పొద్దున లేవగానే ఒళ్లు బిగదీసుకుపోవడం. ఇందులో రెండు రకాలని విడదీసుకోవాలి. లేచి నాలుగడుగులు వేసి, వేణ్ణీళ్లు పోసుకుంటే అరగంటలో వదిలేది ఒకటి. ఇది చాలావరకు అరుగుదల వల్లో, పడుకునే తీరు వల్లో వస్తుంది. గంట దాటినా వదలనిది రెండోది. దాని వెనక ఒంట్లో వాపు తెచ్చే జబ్బు ఏదైనా ఉండొచ్చు కాబట్టి అలాంటివాళ్లను నా దగ్గర అట్టిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి పంపుతాను. ఇక జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం ఉంటే అసలు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

దస్తగిరి గారిది మొదటి రకంలాగే ఉంది. ఒక్కటే నన్ను తికమకపెట్టింది. నడుంతో పాటు ఎడమ చేతి వేళ్లు కూడా పొద్దున్నే ముడుచుకుపోయి ఉంటాయట. కుడి చేయి శుభ్రంగా ఉంటుందట. కీళ్లవాతమైతే మామూలుగా రెండు చేతులనీ పట్టుకుంటుంది. అయినా అనుమానం ఎందుకని డాక్టరు దగ్గరికి పంపాను. ఎక్స్‌రే, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. వయసుకు తగ్గ అరుగుదల తప్ప ఏమీ లేదని తేల్చి డాక్టరు ఆయన్ని తిరిగి నా దగ్గరికే పంపారు.

"సరే దస్తగిరి గారూ, ఏ పని చేసుకోగలిగితే మీకు తగ్గినట్టు?" అని అడిగాను. ఇది నేను అందరినీ అడిగే ప్రశ్న. కొందరు స్కూటర్ నడపాలంటారు, కొందరు మనవణ్ని ఎత్తుకోవాలంటారు.

ఆయన తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఫజర్ నమాజులో నుదురు నేలకు ఆనాలి తల్లీ. అంతే."

ఫజర్ అంటే పొద్దు పొడవకముందు చేసే నమాజు. అందులో మోకాళ్ల మీద వంగి నుదురు నేలకు తాకించడాన్ని సజ్దా అంటారు. ఆయన కొన్నాళ్లుగా మసీదులో కుర్చీ వేసుకుని చేస్తున్నారు.

"కుర్చీలో చేసినా తప్పు లేదంటారు కదండీ," అన్నాను.

"తప్పు లేదని నాకూ తెలుసు. కానీ ఆమె కోసం దువా చేసేటప్పుడు నేల తగలాలనిపిస్తుంది. ఆమె నేలలోనే గదా ఉంది."

దువా అంటే ప్రార్థన, ఆమె అంటే ఆయన భార్య పీరమ్మ. అంతకుముందు ఏడాదే పోయింది. పొదిలిలో ఒక్కడే ఎట్టా ఉంటాడని జాన్‌బీ ఆయన్ని గుంటూరు తెచ్చుకుంది. ఆమె ఇక్కడ పొన్నూరు రోడ్డు వెనక సందులో జాకెట్లు కుడుతుంది. ఆయన ఏం పని చేసేవారని అడిగితే, "మాది దూది ఏకే ఇల్లమ్మా. పొదిలి చుట్టుపట్ల నేను కుట్టని పరుపు లేదు," అన్నారు. ఆ మాటతో నేను కాసేపు పేషెంటుని మర్చిపోయాను. నా చిన్నప్పుడు ఎండాకాలం మా వీధిలోకి దూదేకులాయన విల్లు భుజాన వేసుకుని వచ్చేవాడు. దానికి బిగించిన నరాన్ని టంయ్ టంయ్‌మని మోగిస్తే చాలు, మా అమ్మ ఇంట్లో ఉన్న దిండ్లన్నీ అరుగు మీద పడేసేది. అడుగంటి గడ్డకట్టిన దూది ఆ నరం తగిలి పొగలా లేచేది. ఆ సాయంత్రం కొత్తగా నిండిన పరుపు మీద ముందు నేనంటే నేనని దొర్లేవాళ్లం. ఆ చప్పుడు ఆగిపోయి ఎన్నేళ్లయిందో కూడా నాకు తెలియదు. ఎప్పుడు ఆగిందో గమనించనైనా లేదు.

సరే, వైద్యానికి వస్తాను. రాత్రంతా పడుకుని ఉన్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేవగానే ముందుకు వంగితే నడుం మొరాయిస్తుంది. ఫజర్ నమాజు సరిగ్గా ఆ సమయానికే వస్తుంది. కాబట్టి కాస్త ముందు లేచి, మంచం మీదే నడుముని సిద్ధం చేసుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుం కింది ఖాళీని పరుపుకి నొక్కి వదలడం పెల్విక్ టిల్ట్. తర్వాత ఒక్కో మోకాలినీ నెమ్మదిగా పొట్ట మీదికి తెచ్చుకోవడం. లేచేటప్పుడు ముందుకు ఎగిరి లేవకుండా, దుంగ దొర్లినట్టు ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిప్పి, చేత్తో నొక్కుకుంటూ లేవడం లాగ్ రోల్. ఆ తర్వాత వేణ్ణీళ్లతో వజూ చేసుకుని, అంటే నమాజుకి ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని, మసీదు దాకా నడిచి వెళితే సజ్దా వేళకి నడుం మాట వినాలి.

వినలేదు. వారాలు గడిచాయి. ఆయన ఎక్సర్‌సైజులు ఎగ్గొట్టే రకం కాదు, చేసి చూపించమంటే నాకంటే పద్ధతిగా చేసేవారు. అయినా తెల్లారేసరికి అదే బిగుతు. నాకు చిరాకు మొదలైంది. ఆయన మీద కాదు, ఏదో దాటిపోతున్నానని.

ఒకరోజు జాన్‌బీ ఫోన్ చేసింది. "మేడమ్, ఆ పరుపు వల్లే. పొదిలి నుంచి మోసుకొచ్చాడు. అంతా గుంతలు పడిపోయింది. నేను ఫోమ్ పరుపు కొన్నాను, దాని మీద పడుకోడు. మీరన్నా చెప్పండి, దాన్ని అవతల పారేయమని."

"రేపు వస్తారుగా, అడుగుతాను," అన్నాను.

మర్నాడు ఆయన ఒక్కరే వచ్చారు. కూర్చోకుండానే మొదలుపెట్టారు. "అమ్మా, నీకు ఫోన్ వచ్చిందని తెలుసు. నువ్వేం చెప్పినా చేస్తాను. కారం మానమంటే మానతాను. పరుపు మాట మాత్రం ఎత్తొద్దు."

కారం మానతానన్న గుంటూరు ప్రాంతపు మనిషిని నేను అంతవరకూ చూడలేదు. విషయం పెద్దదేనని అప్పుడే అర్థమైంది. పరుపు మాట ఎత్తకుండా, ఒకసారి ఇంటికి వచ్చి మీరు పడుకునే చోటు చూస్తానన్నాను. ఇష్టం లేకపోయినా తల ఊపారు.

ఆ ఆదివారం పొద్దున వెళ్లాను. చిన్న గది. కొత్త ఫోమ్ పరుపు ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా గోడకి ఆనించి ఉంది. దాని పక్కనే మేకుకి వేలాడుతోంది మనిషంత పొడవు విల్లు. మంచం మీద ఆ పాత పరుపు. దుప్పటి పరిచి ఉన్నా లోపం దాగడం లేదు. కుడివైపు లోతుగా దిగబడిపోయి ఉంది, ఎడమవైపు అంచు మాత్రం కాస్త ఎత్తుగా నిలబడింది. పరుపంతా కుడివైపుకి వాలి ఉంది. జాన్‌బీని టీ పెట్టమని పంపించి, రాత్రి ఎలా పడుకుంటారో అలా పడుకుని చూపించమన్నాను.

ఆయన ఎడమ అంచు మీద వెల్లకిలా పడుకున్నారు. ఒళ్లు వాలుకి జారబోయింది. వెంటనే ఎడమ చేయి దానంతటదే వెళ్లి మంచం పట్టీని గట్టిగా పట్టుకుంది. వీపు కండరాలు బిగుసుకున్నాయి. అలా బస్సులో వేలాడినట్టు పడుకుని నా వైపు చూశారు.

డాక్టరుకీ నాకూ దొరకని ఎడమ చేతి వేళ్ల సంగతి అక్కడ తేలిపోయింది. రాత్రంతా పట్టీ వదలని చేయి తెల్లారేసరికి ముడుచుకుపోక ఏం చేస్తుంది. నడుమూ అంతే, నిద్రలో కూడా డ్యూటీ దిగడం లేదు.

"ఎందుకండీ అట్లా పట్టుకోవడం?"

"జారిపోతానమ్మా."

"జారితే జారండి. ఆ గుంతలోనే హాయిగా పడుకోవచ్చుగా."

"అది పీరమ్మ వైపు," అన్నారు.

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆయన లేవకుండానే, పైకప్పు చూస్తూ చెప్పుకుపోయారు.

"ఈ పరుపు మా పెళ్లికి నేనే కుట్టాను. పత్తి వాళ్ల చేనుది, ఏరింది ఆమే. ప్రతి ఎండాకాలం విప్పి ఏకేవాణ్ణి. నేను ఏకుతుంటే ఆమె పరుపు గుడ్డ మూతి పట్టుకునేది, నేను దూది కూరేవాణ్ణి. చివర్లో పక్షవాతం వచ్చి ఎడం పక్క పడిపోయింది. మంచం దిగింది లేదు. అందుకే అంత దిగబడింది. ఆ పడిపోయిన చెయ్యి నా వైపే ఉండేది. నిద్రలో దాని మీద పడతానేమోనని పట్టీ పట్టుకుని పడుకునేవాణ్ణి. అట్టా అలవాటయింది."

ఇప్పుడు ఎవరి మీద పడతారు దస్తగిరి గారూ అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగింది. అలాంటి మాట అననందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

"ఊరందరి పరుపుల్లో గుంతలూ ఈ చేతుల్తోనే లేపాను," అన్నారు. "ఇది మాత్రం చేతకాలేదు. ఏకితే ఆమె పడుకున్న చోటు పోతుంది గదా. ఆమె చీరలు ఎవరికో ఇచ్చేశారు, నేను అడ్డు చెప్పలేదు. ఇది కూడా పోతే ఇంకేముంది నాకు."

"పోనీ నేల మీద చాప వేసుకుని పడుకుంటే?"

"చూశానమ్మా. నేల మీద పక్కన ఎవరూ లేనట్టుంటుంది."

పేషెంటు ముందు ఏడవకూడదని కాలేజీలో నేర్పారు గానీ ఎలా ఆపుకోవాలో నేర్పలేదు. వంటింట్లో గ్లాసుల చప్పుడు వింటూ కాస్త తమాయించుకున్నాను. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఈ వాలు మీద పడుకున్నన్నాళ్లూ నేను ఎన్ని ఎక్సర్‌సైజులు చెప్పినా ఉపయోగం ఉండదండీ. నడుం వదలదు. వదలకపోతే నుదురు నేలకి ఆనదు. పరుపు పారేయమని నేను అనను, జాన్‌బీని కూడా అననివ్వను. ఏం చేయాలన్నది మీ ఇష్టం. ఈలోగా వెల్లకిలా పడుకున్నప్పుడు మోకాళ్ల కింద ఒక దిండు పెట్టుకోండి, పక్కకి తిరిగితే మోకాళ్ల మధ్య. నడుం మీద లాగుడు తగ్గుతుంది."

ఆయన లేచి కూర్చుని ఆ గుంత మీది దుప్పటిని అరచేత్తో సర్దారు. చివరికి అడిగింది ఒక్కటే. "ఆ దిండు ఎంత మందం ఉండాలి?"

చేత్తో కొలత చూపించాను. జాన్‌బీ టీ తెచ్చింది. గుమ్మం దాకా నాతో వచ్చి, ఏమైంది మేడమ్ అని గుసగుసగా అడిగింది. లోపలి మాట నేను చెప్పలేదు. "మీ నాన్న ఏదైనా పని పెట్టుకుంటే సాయం చెయ్యి. దాని జోలికి మాత్రం నువ్వుగా వెళ్లకు," అన్నాను.

తర్వాత ఆయన క్లినిక్‌కి రావడం మానేశారు. నేనే ఎక్కువ మాట్లాడానేమోనని మనసు పీకుతూ ఉండేది. ఫోన్ తీసి, మళ్లీ పెట్టేసేదాన్ని. అలా ఉండగా ఒక పొద్దున జాన్‌బీ నుంచి ఫోన్. "మేడమ్, నాన్న విల్లు దించాడు. పరుపు మేడ మీదికి ఎక్కించమన్నాడు. వీలైతే ఒకసారి రారా? నాకు భయంగా ఉంది."

వెళ్లేసరికి డాబా మీద చాపలు పరిచి ఉన్నాయి. పరుపు విప్పేశారు. దూది రెండు కుప్పలుగా ఉంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది పీరమ్మ పడుకున్న చోటిదని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఎండకి అందులోంచి నొప్పుల తైలం వాసన లేస్తోంది. ఆయన ఎత్తు పీట మీద కూర్చుని, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, విల్లు కట్టి పెద్ద కుప్ప ఏకుతున్నారు. టంయ్ టంయ్ టంయ్. పక్క డాబాల మీద బట్టలారేస్తున్న ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు. నా చిన్నతనం అంతా ఒక్కసారి ఆ చప్పుడులో వచ్చి నిలబడింది, మా అమ్మతో సహా. నేను మెట్ల దగ్గరే ఉండిపోయాను.

పెద్ద కుప్ప అయిపోయింది. ఆయన పరుపు గుడ్డ అందుకుని ఒక కొస పట్టుకున్నారు. రెండో కొస ఎదురుగా గాల్లోకి చాచి ఆగిపోయారు. ఎన్నో ఏళ్లుగా ఆ కొస పట్టుకునే చెయ్యి ఒకటుండేది. జాన్‌బీ కుట్టు మిషను మనిషి, చప్పున అర్థం చేసుకుంది. వెళ్లి ఆ కొస పట్టుకుంది.

"మూతి వెడల్పుగా పట్టు. మీ అమ్మ అట్టానే పట్టుకునేది," అన్నారాయన. అంతవరకూ తట్టుకున్న జాన్‌బీ అప్పుడు ఏడ్చింది. కొస మాత్రం వదల్లేదు.

పరుపు నిండాక చిన్న కుప్ప దగ్గరికి వచ్చారు. కొంచెం ఏకారు. వాసన గాలికి పోతోంది. ఆగి, అడుగున మిగిలిన గట్టి ముద్దని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, ఏకకుండా పక్కన పెట్టారు. ఏకిన దూదితో ఒక దిండు నింపి, ఆ ముద్దని సరిగ్గా మధ్యలో పెట్టి కుట్టేశారు. నేను చూపించిన మందమే. చేతికిస్తే నొక్కి చూశాను, లోపల గడ్డ తగిలింది.

"ఇక్కడ గట్టిగా ఉందండీ," అన్నాను, నా వృత్తి బుద్ధి పోనిచ్చుకోక.

"ఉండనీ తల్లీ," అన్నారు.

ఆ కేసు తర్వాత నా ప్రశ్నల్లో ఒకటి పెరిగింది. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, ఏ పక్కకి పడుకుంటారు అని అడిగేదాన్ని. ఇప్పుడు, పక్కన ఎవరు పడుకుంటారు, ఇంతకుముందు ఎవరు పడుకునేవారు అని కూడా అడుగుతాను. పడుచువాళ్లు సిగ్గుపడి నవ్వుతారు. కొందరు మాత్రం జవాబుకి కాస్త సమయం తీసుకుంటారు. అలాంటప్పుడు బయట ఎంతమంది పేషెంట్లు ఉన్నా నేను తొందరపెట్టను.

వానలు మొదలయ్యాక దస్తగిరి గారు మళ్లీ మెట్లెక్కి వచ్చారు, అదే చకచకా అడుగులతో. ఎడమ చేతి వేళ్లు చాచి చూపించారు. పొద్దున బిగుతు పూర్తిగా పోలేదు గానీ మసీదుకి చేరేలోపు వదులుతోందట. కుర్చీ మానేశారట.

"నుదురు ఆనిందమ్మా," అన్నారు.

చాలా సంతోషమేసింది. నా పద్ధతిలో నేను పరీక్షలన్నీ చేసి, ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని అడిగాను.

"ఇబ్బందేం కాదు. పరుపు చదునుగా ఉంది, మధ్యలోనే పడుకుంటున్నాను. తెల్లారి చూస్తే మళ్లీ నా అంచుకే జరిగి ఉంటాను."

"పట్టీ పట్టుకుంటున్నారా?"

"లేదు లేదు. చెయ్యి ఇట్టా ఉంటుంది," అంటూ బల్ల మీద వెల్లకిలా పడుకుని కుడి చేతిని పక్కకి చాచి చూపించారు. అరచెయ్యి పైకి తెరిచి ఉంది.

అలా పడుకుంటే నడుముకి ఏ ఇబ్బందీ లేదని చెప్పి పంపించాను.